జావాస్క్రిప్ట్‌లో ఎలిమెంట్ అట్రిబ్యూట్లు చదవడం: బ్రౌజర్‌కో జవాబు ఎందుకు వస్తుంది, ఒకే జవాబు ఎలా రాబట్టాలి

చాలా ఏళ్ల కిందట ఒక కార్యాలయానికి హాజరు పట్టీ చూపించే పేజీ రాసి ఇచ్చాను. బయటి సర్వర్‌లో పెట్టి ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 8లో పరీక్షిస్తే చక్కగా పనిచేసింది. అదే పేజీని వాళ్ల లోపలి నెట్‌వర్క్‌లోకి మార్చగానే సెలవు రోజుల వరుసలకు రంగు పడడం ఆగిపోయింది. కంప్యూటర్ అదే, బ్రౌజర్ అదే, కోడులో ఒక్క అక్షరం కూడా మారలేదు. రెండు రోజులు వెతికిన తర్వాత కారణం దొరికింది. ఆ బ్రౌజర్ లోపలి నెట్‌వర్క్ పేజీలన్నిటినీ, ఎవరూ చెప్పకుండానే, తన ముందు తరం ఏడో వెర్షన్ పద్ధతిలో నడుపుతుంది. ఆ పద్ధతిలో వరుస క్లాస్ ఏమిటని, ట్యాగులో రాసింది చదివే గెట్‌అట్రిబ్యూట్‌తో అడిగితే నల్, అంటే ఏమీ లేదనే జవాబు, వస్తుంది. క్లాస్ ఎదురుగా కనిపిస్తూనే ఉన్నా, లేదనే చెబుతుంది.

అప్పటినుంచి అట్రిబ్యూట్ చదివే ప్రతి వరుసనూ నేను అనుమానంగానే చూస్తాను. ఆ అనుమానాన్ని ఒక పద్ధతిగా మార్చి, అడుగుల వారీగా ఇక్కడ రాస్తున్నాను. కోడు పేర్లను పలికినట్టే తెలుగు లిపిలో రాశాను. కోడు ఎడిటర్‌లో మాత్రం వాటిని మామూలుగానే టైప్ చేయాలి. గెట్‌అట్రిబ్యూట్, హ్యాజ్‌అట్రిబ్యూట్, క్లాస్‌నేమ్ వంటి జంట పదాల్లో రెండో పదం పెద్ద అక్షరంతో మొదలవుతుందని గుర్తుంచుకోండి. డేటాసెట్, టైప్‌ఆఫ్ మాత్రం పూర్తిగా చిన్న అక్షరాలే.

మొదటి అడుగు: మీరు అడుగుతున్న ప్రశ్న ఏదో తేల్చుకోండి

అడంగల్‌లో, తెలంగాణలో అయితే పహాణీలో, వరి అని రాసి ఉంటుంది. పొలానికి వెళ్లి చూస్తే మినుము మొలిచి ఉంటుంది. రెండూ నిజమే. ఒకటి కాగితం మీది నిజం, ఇంకొకటి నేల మీది నిజం. హెచ్‌టీఎంఎల్ అట్రిబ్యూట్‌కూ, డామ్ (పేజీని చదివి బ్రౌజర్ తనలో కట్టుకునే రూపం) ప్రాపర్టీకీ ఉన్న తేడా సరిగ్గా ఇదే.

అట్రిబ్యూట్ అంటే ట్యాగులో రాసిన అక్షరాలు. అది ఎప్పుడూ స్ట్రింగే. దాన్ని చదవడానికి గెట్‌అట్రిబ్యూట్ ఉంది. ప్రాపర్టీ అంటే ఆ ఎలిమెంట్‌ను బ్రౌజర్ అర్థం చేసుకున్న తీరు. అది స్ట్రింగ్ కావచ్చు, అంకె కావచ్చు, బూలియన్ (ట్రూ లేదా ఫాల్స్) కావచ్చు, ఏకంగా ఒక ఆబ్జెక్టే కావచ్చు. ఎలిమెంట్ పేరు తర్వాత చుక్క పెట్టి చదివేది ప్రాపర్టీని.

బ్రౌజర్ల మధ్య కనిపించే తేడాల్లో ఎక్కువ భాగం ఇక్కడే పుడతాయి. రాసిన అక్షరాల విషయంలో నేటి బ్రౌజర్లు దాదాపు ఒక్క మాట మీద ఉంటాయి. అర్థం చేసుకునే పని మాత్రం ప్రతి బ్రౌజర్ తనకు తెలిసిన మేరకే చేస్తుంది. కనుక కోడు రాసే ముందే నిర్ణయించుకోండి: మీకు కావలసింది పేజీ రచయిత రాసిందా, ప్రస్తుతం అమల్లో ఉన్నదా?

రెండో అడుగు: ఉందా లేదా అని అడిగేటప్పుడు విలువను నమ్మకండి

లేని అట్రిబ్యూట్‌ను అడిగితే ఏం రావాలి? డామ్ తొలి ప్రమాణాలు ఖాళీ స్ట్రింగ్ అన్నాయి. బ్రౌజర్లు మాత్రం నల్ ఇస్తూ వచ్చాయి. చివరికి ప్రమాణాన్నే మార్చి నల్ అని రాసుకున్నారు. అందుకే పాత పుస్తకాల్లో ఒక మాట, కొత్త పుస్తకాల్లో ఇంకొక మాట కనిపిస్తుంది.

అంతకన్నా ఎక్కువమంది పడే గుంట వేరే ఉంది. బటన్ ట్యాగులో డిసేబుల్డ్ అని ఒక్క పదమే రాసి ఉందనుకోండి. గెట్‌అట్రిబ్యూట్ ఇచ్చేది ఖాళీ స్ట్రింగ్. దాన్ని నేరుగా ఇఫ్ షరతులో పెడితే జావాస్క్రిప్ట్ ఖాళీ స్ట్రింగ్‌ను అబద్ధంగా లెక్కిస్తుంది. బటన్ మూతపడి ఉంటే మీ కోడు తెరిచి ఉందనుకుంటుంది. డిసేబుల్డ్ ఈక్వల్స్ ఫాల్స్ అని రాస్తే ఇంకో చిక్కు: బటన్ మూసే ఉంటుంది, ఎందుకంటే బూలియన్ అట్రిబ్యూట్లలో విలువకు ప్రాధాన్యం లేదు, ఉనికికే ఉంది.

కాబట్టి ఉనికిని హ్యాజ్‌అట్రిబ్యూట్‌తో అడగండి. ప్రస్తుత స్థితి కావాలంటే డిసేబుల్డ్ ప్రాపర్టీని చదవండి. అయితే ఆ బటన్, డిసేబుల్డ్ చేసిన ఫీల్డ్‌సెట్ (పెట్టెలను ఒక గుంపుగా చుట్టే ట్యాగు) లోపల ఉంటే ప్రాపర్టీ కూడా ఫాల్స్ అనే చెబుతుంది, ఎందుకంటే అది ఆ ఒక్క ఎలిమెంట్ గురించే మాట్లాడుతుంది. అలాంటి చోట మ్యాచెస్ పద్ధతికి డిసేబుల్డ్ అనే సూడో క్లాస్‌ను (ఎలిమెంట్ స్థితిని చెప్పే, ముందు కోలన్‌తో రాసే సీఎస్ఎస్ గుర్తును) ఇచ్చి అడిగితే సరైన జవాబు వస్తుంది.

విలువ రాయని చోట ప్రాపర్టీ ఏ అంకె చూపాలన్న విషయంలోనూ బ్రౌజర్లు చాలా కాలం తలో దారి పట్టాయి. ఎన్ని అక్షరాల వరకు టైప్ చేయవచ్చో చెప్పే మ్యాక్స్‌లెంగ్త్ రాయని పెట్టెను అడిగితే ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 2147483647 అనేది, పాత క్రోమ్ 524288 అనేది, ఫైర్‌ఫాక్స్ మైనస్ 1 అనేది. ప్రమాణం చెప్పేది మైనస్ 1. మిగిలిన అక్షరాల సంఖ్య చూపించే చిన్న విడ్జెట్ రాసేటప్పుడు ఈ అంకెను నేరుగా తీసివేతలో పెట్టకండి. ముందు హ్యాజ్‌అట్రిబ్యూట్‌తో అడిగి, ఉంటేనే లెక్క మొదలుపెట్టండి.

మూడో అడుగు: లింకులు, అందులోనూ తెలుగు లింకులు

లింకు ట్యాగులో హెచ్‌రెఫ్ విలువగా చిన్న దారి రాశారనుకోండి. గెట్‌అట్రిబ్యూట్ ఆ చిన్న దారినే ఇస్తుంది. హెచ్‌రెఫ్ ప్రాపర్టీ పేజీ చిరునామాతో కలిపి పూర్తి చిరునామా ఇస్తుంది. డొమైన్ పేరు ఒక్కటే రాసిన చోట చివర ఒక ఏటవాలు గీత (స్లాష్) కూడా చేరుస్తుంది. ఒకచోట అట్రిబ్యూట్‌నూ ఇంకొకచోట ప్రాపర్టీనీ చదివి రెండిటినీ పోల్చితే ఎప్పటికీ కలవవు.

తెలుగు సైట్లు రాసేవాళ్లకు ఈ తేడా మరీ ముఖ్యం. లింకు చివర హైదరాబాదు అని తెలుగులోనే రాశారనుకుందాం. గెట్‌అట్రిబ్యూట్ దాన్ని తెలుగులోనే తిరిగి ఇస్తుంది. హెచ్‌రెఫ్ ప్రాపర్టీలో మాత్రం అది శాతం గుర్తుల వరుసగా మారుతుంది. హైదరాబాదు అనే మాటలో యూనికోడ్ లెక్కన 9 గుర్తులున్నాయి. అక్షరాలను బైట్లుగా మార్చే యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కొక్కటి 3 బైట్లు, ఒక్కో బైటూ శాతం గుర్తుతో కలిపి 3 అక్షరాలు. మొత్తం 81 అక్షరాలు. మెనూలో ప్రస్తుత పేజీని వేరే రంగులో చూపించే కోడు ఇంగ్లిష్ పేజీల్లో నడిచి తెలుగు పేజీల్లో ఆగిపోయిందంటే, నేను మొదట చూసేది ఇదే. ఒకవైపు తెలుగు అక్షరాలు, ఇంకోవైపు శాతం గుర్తులు.

పరిష్కారం ఇలా చేయండి. రెండు వైపులా ప్రాపర్టీనే తీసుకోండి, అప్పుడు రెండూ శాతం గుర్తుల రూపంలోనే ఉంటాయి. మనిషికి చూపించే చోట మాత్రమే డీకోడ్‌యూఆర్‌ఐతో తెలుగులోకి మార్చండి. ఎక్కడైనా శాతం గుర్తు తప్పుగా పడి ఉంటే ఆ ఫంక్షన్ దోషం విసురుతుంది, కనుక దాన్ని ట్రై, క్యాచ్ మధ్య ఉంచండి.

ఫారాల్లో ఇంకో తిరకాసు ఉంది. యాక్షన్ అట్రిబ్యూట్ రాయకపోయినా, ఖాళీగా రాసినా, యాక్షన్ ప్రాపర్టీ ప్రస్తుత పేజీ చిరునామానే ఇవ్వాలని ప్రమాణం చెబుతుంది. అదే ఫారంలో యాక్షన్ అనే పేరుతో ఒక ఇన్‌పుట్ పెట్టె ఉంటే ఫారం.యాక్షన్ అని అడిగినప్పుడు చిరునామా రాదు, ఆ పెట్టే వస్తుంది. పేరు పెట్టిన పెట్టెలు ఫారం సొంత ప్రాపర్టీలను కప్పేస్తాయి. ఐడీ, మెథడ్ అనే పేర్లతోనూ ఇదే గొడవ. ఇక్కడ గెట్‌అట్రిబ్యూటే దిక్కు. పెట్టెలకు ఆ పేర్లు పెట్టకపోవడం అంతకన్నా మేలు.

నాలుగో అడుగు: పెట్టెలో ఉన్న విలువ

వాల్యూ అట్రిబ్యూట్ చెప్పేది పేజీ తెరిచినప్పటి తొలి విలువ. వాల్యూ ప్రాపర్టీ చెప్పేది ఇప్పుడు వినియోగదారుడు టైప్ చేసింది. చెక్‌బాక్సుల చెక్డ్ కూడా అంతే. ఇక్కడ బ్రౌజర్లన్నీ ఒకే మాట మీద ఉన్నాయి. తేడా వచ్చేది పేజీని మళ్లీ లోడ్ చేసినప్పుడు.

ఫైర్‌ఫాక్స్ మామూలు రీలోడ్‌లో వినియోగదారుడు టైప్ చేసినదాన్ని, పెట్టిన టిక్కులను గుర్తుపెట్టుకుని తిరిగి అమర్చుతుంది. జావాస్క్రిప్ట్‌తో మూసిన బటన్ డిసేబుల్డ్ స్థితిని కూడా నిలుపుకుంటుంది, మిగతా బ్రౌజర్లు అలా చేయవు. కాబట్టి పేజీ తెరవగానే చెక్డ్ ప్రాపర్టీ చదివే కోడు క్రోమ్‌లో ఒక జవాబు, ఫైర్‌ఫాక్స్‌లో రీలోడ్ తర్వాత ఇంకొక జవాబు ఇవ్వవచ్చు. ఫారం పంపగానే బటన్ మూసేసే కోడు రాస్తే, ఫైర్‌ఫాక్స్ వినియోగదారుడికి పేజీ మళ్లీ తెరిచినా బటన్ మూసే కనిపించవచ్చు. ఆ ఎలిమెంట్‌కు ఆటోకంప్లీట్ ఆఫ్ అని రాస్తే ఈ గుర్తుపెట్టుకోవడం ఆగుతుంది. రచయిత రాసిన తొలి స్థితే కావాలంటే డిఫాల్ట్‌వాల్యూ, డిఫాల్ట్‌చెక్డ్ అనే ప్రాపర్టీలు ఉన్నాయి. వాటిని వాడేవాళ్లు తక్కువ. కానీ కోడు చదివేవాళ్లకు ఉద్దేశం వెంటనే తెలుస్తుంది కాబట్టి నాకు అవంటే ఇష్టం.

ఐదో అడుగు: బ్రౌజర్‌కు తెలియని మాటలు

ఇన్‌పుట్ టైప్‌గా మంత్ అని రాయండి. గెట్‌అట్రిబ్యూట్‌తో టైప్ అడిగితే అన్ని బ్రౌజర్లూ మంత్ అనే అంటాయి, ఎందుకంటే రాసింది అదే. టైప్ ప్రాపర్టీ అడిగితే క్రోమ్ మంత్ అంటుంది. కంప్యూటర్ మీది ఫైర్‌ఫాక్స్ టెక్స్ట్ అంటుంది. దానికి నెల ఎంచుకునే పెట్టె తెలియదు, మామూలు పెట్టెగా భావించి అదే మాట చెబుతోంది.

ఈ తేడాను లోపంగా చూడనక్కర్లేదు, మనకు ఉపయోగపడే సాధనమిది. కొత్త ఇన్‌పుట్ ఒకటి సృష్టించి, సెట్‌అట్రిబ్యూట్‌తో టైప్‌ను మంత్ చేసి, టైప్ ప్రాపర్టీ చదవండి. టెక్స్ట్ అని వస్తే మీ సొంత నెల ఎంపికను చూపించండి. బ్రౌజర్ పేరు అడిగి నిర్ణయించడం కన్నా ఇది ఎన్నో రెట్లు నమ్మదగిన పద్ధతి. రేపు ఆ బ్రౌజర్ నేర్చుకుంటే మీ కోడు మార్చనక్కర్లేదు.

కొత్తగా వచ్చే ప్రతి అట్రిబ్యూట్‌కూ ఇదే సూత్రం వర్తిస్తుంది. బొమ్మలను అవసరమైనప్పుడే దింపే లోడింగ్ అట్రిబ్యూట్ క్రోమ్‌లోకి 2019లో వచ్చింది, సఫారీలోకి 2022లో. ఆ మధ్య కాలంలో సఫారీలో గెట్‌అట్రిబ్యూట్ లేజీ అని చెప్పేది, లోడింగ్ ప్రాపర్టీ అన్‌డిఫైన్డ్ అనేది. అట్రిబ్యూట్ చదవడానికి బ్రౌజర్‌కు దాని అర్థం తెలియనక్కర్లేదు, ప్రాపర్టీ ఉండాలంటే తెలియాలి.

ఆరో అడుగు: స్టైల్, క్లాస్, ఎస్‌వీజీ

స్టైల్ అట్రిబ్యూట్‌ను చదివితే రాసిన వాక్యం ఉన్నదున్నట్టు వస్తుంది. స్టైల్ ప్రాపర్టీ ఒక ఆబ్జెక్టు. అందులో ఆ బ్రౌజర్‌కు అర్థమైన నియమాలే ఉంటాయి. అర్థంకానివి కనిపించవు. ఇంకో మెలిక ఏమిటంటే, ప్రాపర్టీ ద్వారా ఒక్క నియమం మార్చినా అట్రిబ్యూట్ మొత్తాన్నీ బ్రౌజర్ తన ధోరణిలో తిరగరాస్తుంది. హాష్ గుర్తుతో రాసిన రంగు ఆర్‌జీబీ రూపంలోకి మారుతుంది, అర్థంకాని నియమాలు రాలిపోతాయి. కనుక స్టైల్ అట్రిబ్యూట్‌ను అక్షరాలుగా పోల్చే పరీక్షలు రాయకండి.

క్లాస్ సంగతి మామూలు హెచ్‌టీఎంఎల్‌లో తేలిక. ప్రాపర్టీ పేరు క్లాస్‌నేమ్, లేబుల్‌లోని ఫర్‌కు హెచ్‌టీఎంఎల్‌ఫర్. క్లాస్, ఫర్ రెండూ జావాస్క్రిప్ట్ తనకోసం దాచుకున్న మాటలు కావడం వల్లే ప్రాపర్టీలకు ఈ వేరే పేర్లు వచ్చాయి.

పేజీలోనే ట్యాగులతో గీసే ఎస్‌వీజీ బొమ్మల్లో మాత్రం జాగ్రత్త. అక్కడ క్లాస్‌నేమ్ స్ట్రింగ్ కాదు, ఒక ఆబ్జెక్టు. దాని లోపలి బేస్‌వాల్‌లో అసలు విలువ ఉంటుంది. ఎస్‌వీజీ లింకు హెచ్‌రెఫ్ కూడా అంతే. క్లిక్ ఎక్కడ పడిందో చూసి దాని క్లాస్‌నేమ్‌లో ఏదో పదం వెతికే కోడు, ఆ క్లిక్ బటన్ మీది చిన్న ఎస్‌వీజీ గుర్తుపై పడినప్పుడు దోషం చూపి ఆగిపోతుంది. గెట్‌అట్రిబ్యూట్‌తో క్లాస్ అడిగితే రెండు చోట్లా స్ట్రింగే వస్తుంది.

పేర్లలో చిన్న, పెద్ద అక్షరాల తేడా కూడా ఇక్కడ బయటపడుతుంది. హెచ్‌టీఎంఎల్ ఎలిమెంట్లలో మీరు ఎలా రాసి అడిగినా గెట్‌అట్రిబ్యూట్ పేరును చిన్న అక్షరాల్లోకి మార్చుకుంటుంది. ఎస్‌వీజీలో మార్చుకోదు. బొమ్మ హద్దులు చెప్పే వ్యూబాక్స్ అనే అట్రిబ్యూట్ పేరులోని బీ పెద్ద అక్షరంగా లేకపోతే జవాబు నల్.

ఏడో అడుగు: మీ సొంత డేటా

సొంత సమాచారాన్ని డేటా అనే ముందుమాటతో రాసి, డేటాసెట్ ద్వారా చదవండి. ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 11 నుంచి అన్ని ప్రధాన బ్రౌజర్లలో ఇది ఉంది. రెండు సంగతులు గుర్తుంచుకుంటే చాలు. డేటా, యూజర్, ఐడీ అనే మూడు మాటలను అడ్డగీతలతో కలిపి రాస్తే, డేటాసెట్‌లో అది యూజర్‌ఐడీ అవుతుంది, ఐ పెద్ద అక్షరం. హెచ్‌టీఎంఎల్‌లో అడ్డగీత మాని మీరే పెద్ద అక్షరం రాస్తే పేజీ చదివేటప్పుడు అది చిన్నదైపోతుంది, డేటాసెట్‌లో ఆ పేరు దొరకదు. రెండోది, వచ్చేది ఎప్పుడూ స్ట్రింగే. 5కు 1 కలిపితే 51 అవుతుంది, అంకెగా మార్చుకున్న తర్వాతే లెక్క చేయండి.

తెలుగు పేర్లను డేటా అట్రిబ్యూట్లలో పెట్టి పోల్చేవాళ్లకు ఒక హెచ్చరిక. రాజ్‌కుమార్ వంటి పేర్లలో కంటికి కనిపించని విడదీసే అక్షరం ఒకటి ఉంటుంది. ఒకచోట దానితో, ఇంకొకచోట అది లేకుండా టైప్ చేస్తే ఆ రెండు స్ట్రింగులూ సమానం కావు. దీనికి బ్రౌజర్‌ను తప్పుపట్టి లాభం లేదు. పోల్చే ముందు ఆ అక్షరాన్ని రెండు వైపులా తీసేయండి.

ఎనిమిదో అడుగు: దాచిపెట్టే అట్రిబ్యూట్

ఒకే ఒక్క అట్రిబ్యూట్ ఈ లెక్కలన్నిటినీ తలకిందులు చేస్తుంది. అది స్క్రిప్టుల మీద రాసే నాన్స్, అంటే ఆ స్క్రిప్టును నడవనివ్వవచ్చని బ్రౌజర్‌కు చెప్పే రహస్య సంకేతం. ఏ స్క్రిప్టులు నడవవచ్చో చెప్పే కంటెంట్ సెక్యూరిటీ పాలసీని సర్వర్ హెడర్‌లో (పేజీకి ముందు పంపే సమాచారంలో) పంపిన పేజీల్లో, స్క్రిప్టు పేజీలో చేరగానే బ్రౌజర్ నాన్స్ అట్రిబ్యూట్‌ను ఖాళీ చేస్తుంది. గెట్‌అట్రిబ్యూట్ ఖాళీ స్ట్రింగ్ ఇస్తుంది, నాన్స్ ప్రాపర్టీలో అసలు విలువ ఉంటుంది. స్టైల్ నియమాల ద్వారా ఆ రహస్యాన్ని దొంగిలించే దాడులు ఉన్నాయి కనుక ఈ ఏర్పాటు. ఇక్కడ తప్పనిసరిగా ప్రాపర్టీనే చదవండి.

తొమ్మిదో అడుగు: పాత ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ ఇంకా ఎదురైతే

ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 11కు 2022 జూన్ 15న మద్దతు ముగిసింది. అయినా ఎడ్జ్ లోపల దాని మోడ్‌ను కనీసం 2029 వరకు కొనసాగిస్తామని మైక్రోసాఫ్ట్ చెప్పింది. పాత అంతర్గత పేజీలు నడిపే కార్యాలయాలు దాన్నే వాడతాయి. అందుకే ఈ భాగాన్ని వదిలేయలేను.

ఏడో వెర్షన్ వరకు, ఆపై వెర్షన్లలో ఆ పాత పద్ధతిలోకి దిగినప్పుడు, గెట్‌అట్రిబ్యూట్ నిజానికి ప్రాపర్టీనే చదువుతుంది. అడంగల్ అడిగితే పొలం చూపించడమన్నమాట. దాని ఫలితాలన్నీ ఈ ఒక్క వాక్యం నుంచే ఊహించవచ్చు. క్లాస్ అడిగితే నల్, క్లాస్‌నేమ్ అడిగితే విలువ. ఫర్‌కు బదులు హెచ్‌టీఎంఎల్‌ఫర్ అడగాలి. స్టైల్ అడిగితే ఆబ్జెక్టు. ఆన్‌క్లిక్ అడిగితే స్ట్రింగ్ కాక ఫంక్షన్. డిసేబుల్డ్ అడిగితే బూలియన్. హెచ్‌రెఫ్ అడిగితే పూర్తి చిరునామా, రాసింది రాసినట్టు కావాలంటే రెండో విలువగా 2 అనే అంకె ఇవ్వాలి. హ్యాజ్‌అట్రిబ్యూట్ అసలు లేదు, గెట్‌అట్రిబ్యూట్‌నోడ్ తీసుకుని దాని స్పెసిఫైడ్ చూడాలి. 2009లో వచ్చిన ఎనిమిదో వెర్షన్ తన సొంత పద్ధతిలో నడిచినప్పుడు ఇవి చక్కబడ్డాయి.

ఇందుకు వ్యతిరేక దిశలోనూ పాత కోడు విరుగుతుంది. ట్యాగులో మీరు కల్పించిన అట్రిబ్యూట్‌ను ఆ పాత బ్రౌజర్లు నేరుగా చుక్క పెట్టి చదవనిచ్చేవి. అలా రాసిన పేజీని క్రోమ్‌లో తెరిస్తే అన్‌డిఫైన్డ్ వస్తుంది. ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ కోసం రాసిన పాత పేజీని కొత్త బ్రౌజర్‌కు మార్చే పని మీద పడితే, మొదట ఇలాంటి చుక్కలను వెతికి గెట్‌అట్రిబ్యూట్‌గా మార్చండి.

పేజీ ఏ పద్ధతిలో నడుస్తోందో డాక్యుమెంట్‌మోడ్ చెబుతుంది. 8 కన్నా తక్కువ అంకె వస్తే, కోడు ముట్టుకోకముందు సర్వర్ నుంచి ఎక్స్-యూఏ-కంపాటిబుల్ హెడర్ పంపి బ్రౌజర్‌ను దాని అత్యున్నత పద్ధతిలోకి ఎక్కించండి. నా హాజరు పట్టీ పేజీకి చివరకు చేసిన చికిత్స ఇదే, ఒక్క వరుస.

జేక్వెరీ అనే జావాస్క్రిప్ట్ లైబ్రరీ వాడిన పాత ప్రాజెక్టయితే దాని వెర్షన్ చూడండి. అది చాలా కాలం ఈ రెండు ప్రశ్నలనూ అట్ర్ అనే ఒకే పద్ధతిలో కలిపేసింది. 2011 మే నెలలో వచ్చిన 1.6లో ప్రాప్‌ను విడిగా తెచ్చింది. అంతకుముందు రాసిన కోడులో చెక్డ్‌ను అట్ర్‌తో చదివిన చోట్లన్నీ వెతికి, ప్రస్తుత స్థితి కావలసిన చోట ప్రాప్‌గా మార్చాలి.

పదో అడుగు: మీ కళ్లతో చూసుకోండి

ఒక చిన్న పరీక్ష పేజీ తయారుచేసుకోండి. అందులో తెలుగు దారి ఉన్న లింకు, డిసేబుల్డ్ అని ఒక్క పదం రాసిన బటన్, మంత్ టైప్ పెట్టె, క్లాస్ ఉన్న ఎస్‌వీజీ, టిక్కు పెట్టగలిగే చెక్‌బాక్స్ ఉంచండి. ఒక్కోదానికి గెట్‌అట్రిబ్యూట్ జవాబూ ప్రాపర్టీ జవాబూ, వాటి పక్కన టైప్‌ఆఫ్ ఫలితమూ కన్సోల్‌లో ముద్రించండి. టైప్‌ఆఫ్ తప్పక చేర్చండి, ఎందుకంటే ఖాళీ స్ట్రింగ్, నల్, అన్‌డిఫైన్డ్ మధ్య తేడా పైపైన చూస్తే జారిపోతుంది.

క్రోమ్, ఎడ్జ్ రెండిటికీ ఇంజిన్ ఒకటే, కాబట్టి ఆ రెండిటిలో చూస్తే రెండు పరీక్షలు చేసినట్టు కాదు. క్రోమ్, ఫైర్‌ఫాక్స్, సఫారీ మూడూ కావాలి. ఐఫోనులో క్రోమ్ గుర్తు ఉన్నా లోపల నడిచేది సఫారీ ఇంజినే కనుక, యాపిల్ కంప్యూటర్ లేనివాళ్లు ఎవరిదైనా ఐఫోను అడిగి తీసుకుంటే ఆ పరీక్ష పూర్తవుతుంది. రోజూ చేయాల్సిన పనైతే బ్రౌజర్లను కోడుతో నడిపి పరీక్షించే ప్లేరైట్ వాడండి, అది క్రోమియం (క్రోమ్‌కు మూలం), ఫైర్‌ఫాక్స్, వెబ్‌కిట్ (సఫారీ ఇంజిన్) మూడిటినీ మీ కంప్యూటర్‌లోనే నడుపుతుంది.

పేజీ తెరిచి జవాబులు రాసుకోండి. చెక్‌బాక్స్ టిక్కు మార్చండి. మామూలు రీలోడ్ చేసి మళ్లీ రాసుకోండి. ఫైర్‌ఫాక్స్‌లో చెక్డ్ ప్రాపర్టీ, హ్యాజ్‌అట్రిబ్యూట్ వేర్వేరు జవాబులు చెప్పడం మీ కన్సోల్‌లోనే కనిపిస్తుంది.